ఫ్రీడ్రిష్ రైనిట్జర్

ఫ్రీడ్రిష్ రిచర్డ్ కార్నేలియస్ రైనిట్జర్ (ఫిబ్రవరి 25, 1857 - ఫిబ్రవరి 16, 1927) ఆస్ట్రియా దేశానికి చెందిన వృక్షశాస్త్రవేత్త, రసాయన శాస్త్రవేత్త. కొలెస్టరాల్ నుండి తయారయ్యే కొలెస్టరిల్ బెంజోయేట్ అనే పదార్థం రెండు వేరువేరు ఉష్ణోగ్రతల వద్ద, రెండు మార్లు కరుగుతున్నట్లు ఈయన 1888లో గమనించాడు. ఆ రెండు ఉష్ణోగ్రతల నడుమ ఉండే స్థితికే తరువాతి కాలంలో ద్రవ స్ఫటికం అనే పేరు స్థిరపడింది. చేతి గడియారాలు, కాలిక్యులేటర్లు, టెలివిజన్ తెరలలో ఉపయోగించే ద్రవ స్ఫటికాల చరిత్ర ఈ పరిశీలనతోనే మొదలవుతుంది.

రైనిట్జర్ వృత్తి రీత్యా భౌతిక శాస్త్రవేత్త కాడు. ద్రవ స్ఫటికాల కోసం ఆయన వెదకలేదు. కొలెస్టరాల్ అణువులో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో తేల్చడమే ఆయన పెట్టుకొన్న పని. ఆ లెక్కను ఆయన సరిగానే తేల్చాడు. కానీ ఆ పరమాణువులు ఏ ఆకారంలో అమరి ఉన్నాయన్నది ఆయన మరణించిన ఐదేళ్ళకు గాని స్పష్టం కాలేదు. తాను చూసిన వింతకు కారణం ఆ ఆకారంలోనే ఉన్నదని తెలుసుకొనే అవకాశం ఆయనకు లేకపోయింది.

జననం, విద్యాభ్యాసం

రైనిట్జర్ ప్రేగ్ నగరంలో జర్మన్ భాష మాట్లాడే కుటుంబంలో జన్మించాడు. ప్రస్తుతం చెక్ రిపబ్లిక్ రాజధానిగా ఉన్న ప్రేగ్ అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. ఆ నగరంలోని జర్మన్ సాంకేతిక విద్యాసంస్థలో రసాయన శాస్త్రం చదివి, 1883లో అక్కడే బోధించే అర్హతను పొందాడు. రసాయన శాస్త్రం చదివినప్పటికీ ఆయన ఆసక్తి అంతా మొక్కల మీదనే ఉండేది. మొక్కలలో ఏయే పదార్థాలు తయారవుతాయి, అవి మొక్కకు ఏ విధంగా ఉపయోగపడతాయి అన్నవి ఆయనను ఆకర్షించిన ప్రశ్నలు. ఆ కారణంగా ప్రేగ్‌లోని వృక్ష శరీరధర్మ శాస్త్ర విభాగంలో చేరి పరిశోధనలు సాగించాడు.

కొలెస్టరాల్ పై పరిశోధన

కొలెస్టరాల్ అప్పటికి కొత్త పదార్థం కాదు. పిత్తాశయంలో ఏర్పడే రాళ్ళ నుండి లభించే ఈ తెల్లని పదార్థానికి ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రుల్ 19వ శతాబ్దం రెండవ దశకంలో పేరు పెట్టాడు. పిత్తము, ఘనము అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలను కలిపి చేసిన పేరు అది. ఇది ఆల్కహాలు జాతికి చెందినదనీ, ఆమ్లాలతో కలిసి ఎస్టర్లను ఇస్తుందనీ 1859లో బెర్తెలో చూపించాడు. ఇంతవరకు తెలిసినా దీని అణు ఫార్ములా విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

మొక్కలను పరిశీలించే రైనిట్జర్ జంతువుల శరీరంలో దొరికే ఈ పదార్థం వైపు మళ్ళడానికి కారణం క్యారట్ దుంప. క్యారట్‌కు రంగునిచ్చే కెరోటిన్‌తో పాటు అందులో హైడ్రోకెరోటిన్ అని అప్పట్లో పిలిచిన రంగులేని పదార్థం ఒకటి ఉండేది. అది కొలెస్టరాల్‌కు చాలా దగ్గర పోలికలు గలది. మొక్కలలో దొరికేదానికీ, జంతువులలో దొరికేదానికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవాలంటే ముందు కొలెస్టరాల్ సంగతి తేలాలి. మొక్కలలో ప్రధానంగా ఉండేవి కొలెస్టరాల్‌కు జ్ఞాతుల వంటి వేరే స్టెరాల్‌లని తరువాతి కాలంలో తెలిసింది. రైనిట్జర్ క్యారట్ నుండి తీసిన కొలెస్టరాల్‌లోనే ద్రవ స్ఫటికాన్ని కనుగొన్నాడని కొన్ని పుస్తకాలలో కనిపించే మాటను ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది.

ఒక పదార్థపు ఫార్ములాను నిర్ణయించడానికి ఆ రోజుల్లో దానితో అనేక సమ్మేళనాలు తయారుచేసి, ఒక్కొక్కదానిని శుద్ధిచేసి, దహించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని తూచేవారు. రైనిట్జర్ కూడా కొలెస్టరాల్‌తో అసిటేట్, బెంజోయేట్ మొదలైనవి తయారుచేశాడు. ఈ శ్రమకు ఫలితంగా కొలెస్టరాల్ అణువులో 27 కార్బన్, 46 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయని తేల్చాడు. ఈ లెక్క నేటికీ మారలేదు. ద్రవ స్ఫటికాల పేరు లేకపోయినా రసాయన శాస్త్ర చరిత్రలో ఆయన పేరు నిలబెట్టడానికి ఈ ఒక్క ఫలితమే సరిపోయేది.

రెండు ద్రవీభవన స్థానాలు

శుద్ధమైన పదార్థానికి ఒకే ద్రవీభవన స్థానం ఉంటుంది. పదార్థం శుద్ధంగా ఉన్నదా లేదా అని రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షించే పద్ధతి కూడా ఇదే. కొలెస్టరిల్ బెంజోయేట్ ఈ నియమాన్ని పాటించలేదు. 145.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద తెల్లని స్ఫటికాలు కరిగి, పాలవలె మసకగా ఉన్న ద్రవంగా మారాయి. వేడిని పెంచుతూ పోగా 178.5 డిగ్రీల వద్ద ఆ మసక ఒక్కసారిగా విడిపోయి ద్రవం నీటివలె తేటపడింది. చల్లార్చితే ఇదే క్రమం వెనుకకు నడిచింది. అంతేకాక, తేట ద్రవం మసకబారే ముందు ఊదా, నీలం రంగులు క్షణకాలం మెరిసి మాయమయ్యాయి. మసక ద్రవం గడ్డకట్టే ముందు మరొకసారి అవే రంగులు కనిపించాయి.

ఇటువంటి రంగులను రైనిట్జర్ కంటే ముందు చూసినవారు లేకపోలేదు. 1861లో ప్లానర్, ఆ తరువాత లోబిష్, రేమాన్ అనే శాస్త్రవేత్తలు కొలెస్టరాల్ సమ్మేళనాలలో రంగుల మెరుపును గమనించారు. రైనిట్జర్ ఈ సంగతిని దాచక, తన వ్యాసంలో వారిని పేర్కొన్నాడు. అయితే వారు రంగులను చూసి ఊరుకున్నారు. మలినం వలన వచ్చిన పొరపాటేమోనని పదార్థాన్ని మరల మరల శుద్ధిచేసి, రెండు ఉష్ణోగ్రతలూ కదలడం లేదని నిర్ధారించుకొన్నది మాత్రం రైనిట్జరే.

లేమన్‌కు వ్రాసిన లేఖ

ఇది తన విద్యకు అందే విషయం కాదని రైనిట్జర్ త్వరలోనే గ్రహించాడు. ముందుగా స్ఫటిక శాస్త్రవేత్త జెఫరోవిచ్ సహాయం తీసుకొన్నాడు. ఆ తరువాత 1888 మార్చి 14న జర్మనీలోని ఆఖెన్ నగరంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త ఆట్టో లేమన్‌కు 16 పుటల లేఖ వ్రాసి, దానితో పాటు పదార్థపు నమూనాలను కూడా పంపించాడు.

లేమన్‌ను ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. పదార్థాన్ని వేడిచేస్తూనే సూక్ష్మదర్శినితో చూడడానికి వీలయిన పరికరాన్ని లేమన్ స్వయంగా రూపొందించుకొన్నాడు. దానికి ధ్రువణ కాంతి ఏర్పాటు కూడా ఉండేది. ధ్రువణ కాంతిలో మామూలు ద్రవాలు చీకటిగా కనిపిస్తాయి, చాలా రకాల స్ఫటికాలు వెలుగుతాయి. రైనిట్జర్ పంపిన మసక ద్రవం పారుతూనే వెలిగింది. పారడం ద్రవ లక్షణం, ఆ విధంగా వెలగడం స్ఫటిక లక్షణం. రెండు లక్షణాలూ ఒకే పదార్థంలో ఒకేసారి ఉండడం అప్పటి పాఠ్యపుస్తకాలకు పూర్తిగా విరుద్ధం.

ఇద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు ఏప్రిల్ 24 వరకు సాగాయి. చాలా ప్రశ్నలకు జవాబులు దొరకలేదు. 1888 మే 3న వియన్నాలో జరిగిన రసాయన శాస్త్ర సమావేశంలో రైనిట్జర్ తన ఫలితాలను సమర్పించాడు. లేమన్, జెఫరోవిచ్‌ల సహాయాన్ని అందులో ప్రస్తావించాడు. ఆ పరిశోధనా వ్యాసం అదే సంవత్సరం జర్మన్ భాషలో వెలువడే మొనాట్స్‌హెఫ్టె ఫ్యూర్ కెమీ పత్రికలో అచ్చయింది. రెండు ద్రవీభవన స్థానాలు ఉండడం, ఆ పదార్థం వృత్త ధ్రువణ కాంతిని పరావర్తనం చేయడం, కాంతి ధ్రువణ తలాన్ని త్రిప్పగలగడం అనే మూడు ముఖ్య లక్షణాలు అప్పటికే ఆయన దృష్టికి వచ్చాయి.

అక్కడితో రైనిట్జర్ ఈ విషయాన్ని వదలివేసి మొక్కల వద్దకు తిరిగి వెళ్ళిపోయాడు. లేమన్ మాత్రం వదలలేదు. 1889లో వెలువరించిన వ్యాసంలో ఆయన ఈ పదార్థాలను పారే స్ఫటికాలు అని పిలిచాడు. ద్రవ స్ఫటికాలు అనే పేరు ఆ తరువాత వచ్చింది.

వివాదాలు

ద్రవ స్ఫటికం అనే మాటనే చాలామంది శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. మసకగా ఉన్నదంటే అందులో కరగని మలినమేదో తేలుతూ ఉండాలని, పాలలో వెన్న కణాల వలె ఇది కూడా రెండు పదార్థాల కలయిక మాత్రమేనని గుస్టావ్ టామన్ వంటి ప్రముఖులు వాదించారు. కొలెస్టరాల్ జీవుల నుండి సేకరించే పదార్థం కావడం వలన ఈ అనుమానానికి బలం చేకూరింది. 1890లో గాటర్మన్ ప్రయోగశాలలో పూర్తిగా కృత్రిమంగా తయారైన పారా-అజాక్సీ అనిసోల్ అనే పదార్థం కూడా ఇదే విధంగా రెండు మార్లు కరిగింది. అయినా వాదన మరొక పదిహేను సంవత్సరాల పైగా నడిచింది. మలినమే కారణమైతే శుద్ధిచేసిన కొద్దీ తేటపడే ఉష్ణోగ్రత మారాలి. అది మారడం లేదని షెంక్ మొదలైనవారు కొలతలతో చూపిన తరువాతనే వ్యతిరేకత సన్నగిల్లింది. రైనిట్జర్ 1888లో చేసిన శుద్ధిలో ఉన్న తర్కం కూడా ఇదేనని ఇక్కడ గమనించవచ్చు.

రెండవ వివాదం రైనిట్జర్‌ను నేరుగా తాకింది. 20వ శతాబ్దం ఆరంభానికి లేమన్ పేరు ద్రవ స్ఫటికాలకు పర్యాయపదం వంటిది అయిపోయింది. లేమన్ ఈ విషయం పై గ్రంథాలు వ్రాశాడు, ప్రదర్శనలతో కూడిన ఉపన్యాసాలు ఇచ్చాడు. అంతకు చాలా ముందే, 1870వ దశకంలో, సిల్వర్ అయొడైడ్‌లో మెత్తని స్ఫటిక స్థితిని తాను చూశానని ఆయన చెప్పుకొనేవాడు. ఈ కథనంలో ప్రేగ్ నుండి వచ్చిన లేఖ చిన్నదైపోయింది. ఇరవై సంవత్సరాల మౌనం తరువాత రైనిట్జర్ 1908లో అన్నాలెన్ డెర్ ఫిజిక్ పత్రికలో ద్రవ స్ఫటికాల చరిత్ర గురించి ఒక వ్యాసం ప్రచురించి, ఈ ఆవిష్కరణలో తన పాలు ఎంతో స్పష్టంచేశాడు. లేమన్ దానికి సమాధానం ఇచ్చాడు. న్యాయంగా చూస్తే, కొత్త స్థితిని పట్టుకొన్నది రైనిట్జర్, అది కొత్త స్థితియేనని లోకాన్ని ఒప్పించడానికి జీవితాన్ని వెచ్చించినది లేమన్. లేమన్ పేరు నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదించబడినా బహుమతి రాకుండానే ఆయన 1922లో మరణించాడు.

అణు నిర్మాణం - ద్రవ స్ఫటిక స్వభావం

కొలెస్టరాల్ వంటి పదార్థం ఎందుకు ఈ విధంగా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నకు జవాబు మొదట వేరే పదార్థాల నుండి వచ్చింది. జర్మనీలోని హాలే నగరంలో డేనియల్ ఫోర్లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త వందల కొద్దీ సమ్మేళనాలను తయారుచేసి, అణువు ఎంత నిటారుగా, పొడవుగా ఉంటే ద్రవ స్ఫటిక స్థితి అంత సులభంగా వస్తుందని 1907 ప్రాంతంలో సూత్రీకరించాడు. నీటిలో తేలుతూ వచ్చే దుంగలు ఒకే దిశలో సర్దుకొన్నట్లు, కర్రల వంటి అణువులు కదులుతూనే ఒకే దిశను చూస్తాయి. 1922లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జి ఫ్రీడెల్ ఈ స్థితులను నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టరిక్ అని మూడు రకాలుగా విభజించాడు. నెమాటిక్‌లో అణువులకు దిశ మాత్రమే ఉంటుంది. స్మెక్టిక్‌లో దిశతో పాటు పొరలు కూడా ఏర్పడతాయి. మూడవదానికి రైనిట్జర్ పరిశీలించిన కొలెస్టరాల్ సమ్మేళనాల మీదుగానే పేరు వచ్చింది.

కొలెస్టరాల్ నిర్మాణం మాత్రం అప్పటికీ తెలియదు. దీనిపై పనిచేసిన వీలాండ్‌కు 1927 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి, విండౌస్‌కు 1928 సంవత్సరపు బహుమతి లభించినా, అప్పుడు వారు భావించిన నిర్మాణంలో తప్పు ఉన్నది. 1932లో ఇంగ్లండులో బెర్నాల్ ఎక్స్-కిరణాలతో స్టెరాల్ స్ఫటికాలను పరిశీలించి, వాటి అణువు సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవు, 7 ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పు, 5 ఆంగ్‌స్ట్రామ్‌ల మందం గల పలక వంటిదని చూపించాడు. పాత నిర్మాణం ఈ కొలతలలో ఇమడలేదు. అదే సంవత్సరం రోజెన్‌హైమ్, కింగ్ అనే శాస్త్రవేత్తలు, వీలాండ్ స్వయంగా, నిర్మాణాన్ని సవరించారు.

ఈ సవరించిన నిర్మాణం ప్రకారం కొలెస్టరాల్ అణువులో మూడు షడ్భుజ వలయాలు, ఒక పంచభుజ వలయం ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. వలయాలు కలిసిపోయి ఉండడం వలన ఆ భాగం వంగదు. ఒక కొనలో, 3వ కార్బన్ వద్ద, హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. రెండవ కొనలో, 17వ కార్బన్ వద్ద, 8 కార్బన్‌ల శాఖ తోకవలె వ్రేలాడుతుంది. వలయాల ఒక వైపున మాత్రమే రెండు మిథైల్ సమూహాలు బొడిపెల వలె పొడుచుకొని ఉంటాయి. రెండవ వైపు చదునుగా ఉంటుంది.

ఇందులో ప్రతి అంశానికీ ఒక పాత్ర ఉన్నది. కొలెస్టరాల్‌ను నేరుగా వేడిచేస్తే ద్రవ స్ఫటికం రాదు, ఒక్కసారే కరిగిపోతుంది. ఘనరూపంలో హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. ఆ పట్టు వీడేంత వేడికి అణువులు తమ వరుసను కూడా కోల్పోతాయి. బెంజోయిక్ ఆమ్లంతో కలిపినప్పుడు ఈ బంధాలకు అవకాశం పోతుంది, దానితో పాటు బెంజీన్ వలయం అణువు పొడవు దిశలోనే చేరి దానిని మరింత పొడిగిస్తుంది. రైనిట్జర్ ఫార్ములా కోసం తగిలించిన బెంజోయేట్ తనకు తెలియకుండానే అణువును ఫోర్లెండర్ చెప్పబోయే కర్రగా మార్చివేసింది.

వలయాలు అతుక్కొన్న తీరు కూడా ముఖ్యమే. రెండవ వలయంలో, 5వ, 6వ కార్బన్‌ల నడుమ, కొలెస్టరాల్‌కు ఒక ద్విబంధం ఉంటుంది. హైడ్రోజన్‌ను చేర్చి ఈ ద్విబంధాన్ని తీసివేసినపుడు రెండు రకాల అణువులు ఏర్పడవచ్చు. ఒకదానిలో వలయాలు చదునుగానే ఉంటాయి, దాని ఎస్టర్లు ద్రవ స్ఫటికాలుగా మారగలవు. రెండవదానిలో మొదటి వలయం క్రిందికి మడత పడుతుంది. పరమాణువుల సంఖ్య ఒక్కటే అయినా మడతపడిన అణువు ఎస్టర్లలో సాధారణంగా ఈ స్థితి కనిపించదు. 3వ కార్బన్ వద్ద ఆక్సిజన్ దిశ మారి అడ్డంగా నిలబడినా ఫలితం ఇదే. కేవలం ఫార్ములా వలన ఈ తేడాలు తెలిసే అవకాశం లేదు. తోక వద్ద 24వ కార్బన్‌కు ఇథైల్ శాఖ చేరితే అణువు వెడల్పు పెరిగి, ద్రవ స్ఫటిక స్థితి నిలిచే ఉష్ణోగ్రత సాధారణంగా తగ్గుతుంది. మొక్కలలో విరివిగా ఉండే సైటోస్టెరాల్‌లో ఉన్నది ఈ శాఖయే.

బెంజోయిక్ ఆమ్లానికి బదులు కొవ్వు ఆమ్లాలను చేర్చితే మరొక మార్పు కనిపిస్తుంది. వీటి గొలుసు పొడవైన కొద్దీ అణువులు పొరలుగా సర్దుకోవడానికి మొగ్గు చూపుతాయి. 14 కార్బన్‌ల ఆమ్లంతో తయారైన కొలెస్టరిల్ మిరిస్టేట్ సుమారు 71 డిగ్రీల వద్ద స్మెక్టిక్‌గా, 79 డిగ్రీల వద్ద కొలెస్టరిక్‌గా మారి, 85 డిగ్రీల వద్ద తేటపడుతుంది.

ఇక రంగుల సంగతి. మన ఎడమ చేయి, కుడి చేయి ఒకే రకంగా ఉన్నా ఒకదానిపై ఒకటి సరిపోవు. కొలెస్టరాల్ అణువుకూ దాని అద్దపు ప్రతిబింబానికీ ఉన్న సంబంధం ఇటువంటిదే. ఇందులో ఇటువంటి అసౌష్ఠవానికి కేంద్రాలైన కార్బన్‌లు 8 ఉన్నాయి. ఈ కారణంగా ప్రక్క ప్రక్కన చేరిన అణువులు సరిగ్గా సమాంతరంగా ఉండలేక కొద్దిగా మెలి తిరుగుతాయి. ఈ మెలిక కొనసాగి గుండ్రని మెట్లవరుస వంటి సర్పిలం ఏర్పడుతుంది. ఒక పూర్తి చుట్టుకు పట్టే దూరం కంటికి కనిపించే కాంతి తరంగ దైర్ఘ్యంతో సమానస్థాయిలో ఉన్నప్పుడు ఆ రంగు మాత్రమే పరావర్తనమవుతుంది. ఉష్ణోగ్రత మారితే చుట్టు దూరం మారి, రంగు కూడా మారుతుంది. పారా-అజాక్సీ అనిసోల్‌కు ఇటువంటి అసౌష్ఠవం లేదు కనుక అది మెలి తిరగదు, ఈ రంగులను చూపదు.

అణువులో చిన్న మార్పు మెలిక దిశనే తలక్రిందులు చేయగలదు. కొలెస్టరాల్ ఎస్టర్లలో చాలావరకు ఎడమవైపు మెలి తిరుగుతాయి. ఎస్టరుకు బదులుగా క్లోరిన్‌ను చేర్చి తయారుచేసిన కొలెస్టరిల్ క్లోరైడ్ కుడివైపు తిరుగుతుంది. రెండింటినీ తగిన పాళ్ళలో కలిపితే ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద మెలిక పూర్తిగా విడిపోయి, మిశ్రమం నెమాటిక్ వలె ప్రవర్తిస్తుంది.

గ్రాజ్ జీవితం

ప్రేగ్ తరువాత రైనిట్జర్ ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. 1909-1910లో ఆ సంస్థకు రెక్టారుగా కూడా వ్యవహరించాడు. మొక్కల టానిన్‌లు, జిగురులు, రెసిన్‌ల పై ఆయన వ్యాసాలు ప్రకటించాడు. చివరి సంవత్సరాలలో ఆయన ఎక్కువగా పరిశీలించినది సయాం దేశపు బెంజోయిన్ రెసిన్. తెలుగు ఇళ్ళలో పొగవేసే సాంబ్రాణి ఈ జాతి రెసినే. బెంజోయిక్ ఆమ్లానికి ఆ పేరు వచ్చినది కూడా ఈ రెసిన్ నుండియే. ఆయనకు పేరు తెచ్చిన పదార్థంలో సగభాగం ఆ విధంగా ఒక చెట్టు జిగురుతో ముడిపడి ఉన్నది.

ఆయన 1927 ఫిబ్రవరి 16న, 70వ జన్మదినానికి తొమ్మిది రోజుల ముందు, గ్రాజ్ నగరంలో మరణించాడు.

తరువాతి పరిణామాలు

రైనిట్జర్ మరణించేనాటికి ద్రవ స్ఫటికాలకు చెప్పుకోదగిన ఉపయోగం ఏదీ లేదు. 1960వ దశకంలో అమెరికాలో ఫెర్గసన్ కొలెస్టరాల్ ఎస్టర్ల రంగు మార్పును ఉష్ణోగ్రతను చూపడానికి వినియోగించాడు. నుదుటి మీద అంటించే జ్వరపు పట్టీలు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. తెరలకు మాత్రం స్టెరాల్ సమ్మేళనాలు కాక, ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 1973లో ప్రకటించిన సయనోబైఫినైల్ సమ్మేళనాలు అనువైనవయ్యాయి. ఇవి గది ఉష్ణోగ్రత వద్దనే ద్రవ స్ఫటికాలుగా ఉండడం అందుకు ముఖ్యకారణం. గ్రే అంతకు ముందు, 1956లో, కొలెస్టరాల్ ఎస్టర్లను వరుసగా పరీక్షించినవాడే. అణువు కర్రవలె ఉండాలన్న నియమానికి 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు ఒక కొత్త అధ్యాయాన్ని చేర్చారు. పళ్ళెం వంటి అణువులు కూడా ఒకదానిపై ఒకటి పేర్చుకొని ద్రవ స్ఫటికాలను ఇవ్వగలవని వారు చూపించారు.

రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే ఎల్.డి.ఎల్. కణాల నడిమి భాగంలోనూ, ధమనుల గోడలలో పేరుకొనే కొవ్వులోనూ కొలెస్టరాల్ ఎస్టర్లు ద్రవ స్ఫటిక స్థితిలో ఉండగలవని 1970వ దశకం నుండి జరిగిన పరిశోధనలు తెలిపాయి.

తేట ద్రవం మసకబారే ముందు రైనిట్జర్ చూసిన నీలి మెరుపు చాలాకాలం పాటు ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించలేదు. అది కొలెస్టరిక్ కంటే వేరైన స్థితి అని 1970వ దశకంలో గుర్తించి, నీలి ప్రావస్థ అని పేరు పెట్టారు. ఇందులో అణువులు ఒకే దిశలో కాక అన్ని దిశలలోనూ మెలి తిరిగి, ఘనాకారపు జాలకంగా అమరుతాయి. కొలెస్టరిల్ బెంజోయేట్‌లో ఈ స్థితి సుమారు ఒక డిగ్రీ మేరకే ఉంటుంది.